విండోస్ నుంచి లినక్స్‌కు: క్లౌడ్ ఫైళ్ల తరలింపులో ఆర్‌క్లోన్ పనితీరు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా ఇంట్లోని లాప్‌టాప్ ప్రాసెసర్ పాతది కావడంతో విండోస్ 11కు అర్హత లేదని తేలింది. అందుకే డిస్కు చెరిపి, విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత నిర్వహణ వ్యవస్థ లినక్స్ మింట్ వేసుకోవాలని నిర్ణయించుకున్నాను. యంత్రం గురించి నాకు బెంగ లేదు. బెంగంతా గూగుల్ డ్రైవ్‌లోనూ వన్‌డ్రైవ్‌లోనూ ఏళ్ల తరబడి పోగుపడిన ఫైళ్ల గురించే: నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, అమ్మ పాడుతుండగా టైపు చేసిపెట్టుకున్న పెళ్లిపాటలు, పిల్లల సర్టిఫికెట్లు. వాటిని దాటించడానికి నేను వాడిన ఉపకరణం ఆర్‌క్లోన్.

క్లౌడ్‌లో ఉన్నవి ఎక్కడికి పోతాయి, కొత్త వ్యవస్థలో లాగిన్ అయితే అవే వస్తాయి కదా అని చాలామంది అంటారు. అది సగమే నిజం. కంప్యూటర్‌లో కనిపించే క్లౌడ్ ఫోల్డరు అద్దం వంటిది. ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. మా బంధువుల కంప్యూటర్‌ను ఫార్మాట్‌కు ఇచ్చినప్పుడు మరమ్మతు దుకాణంలో జరిగింది సరిగ్గా ఇదే. కంప్యూటర్‌లోని ఫోల్డరునూ క్లౌడ్‌నూ ఒకేలా ఉంచే సింక్ నడుస్తుండగానే, స్థలం ఖాళీ చేయాలని ఫోల్డరును తొలగించారు. క్లౌడ్‌లోని ఫొటోలూ దానితోపాటే వెళ్లిపోయాయి. చెత్తబుట్టలో 30 రోజుల గడువు ఇంకా మిగిలి ఉండడం వల్లనే అవి తిరిగి దక్కాయి. మరో చిక్కు కూడా ఉంది. నీలి మేఘం గుర్తున్న వన్‌డ్రైవ్ ఫైలుకు పేరు, పరిమాణం కనిపిస్తాయి గాని అసలు సమాచారం డిస్కులో ఉండదు. డ్రైవ్ ఫోల్డరులో కనిపించే గూగుల్ డాక్స్ ఫైలులో ఉండేది లంకె మాత్రమే.

ఆర్‌క్లోన్ ఈ ఫోల్డర్ల జోలికి పోకుండా నేరుగా క్లౌడ్‌తో మాట్లాడుతుంది. నిక్ క్రెయిగ్-వుడ్ మొదలుపెట్టిన ఈ ఉచిత, ఓపెన్ సోర్స్ ఉపకరణం 70కి పైగా నిల్వ సేవలతో పనిచేస్తుంది. ప్రధానంగా ఆజ్ఞలు టైపు చేసి వాడవలసినది కనుక మొదటి గంట కష్టంగానే గడుస్తుంది. గూగుల్ డ్రైవ్‌కు వేగం కావాలంటే సొంత క్లయింట్ ఐడీ, అంటే గూగుల్ దగ్గర మన పేరున తీసుకునే గుర్తింపు, తయారుచేసుకోవాలి. మార్గదర్శిలో ఆ వివరణ ఉన్నా, కొత్తవారికి అది కొరుకుడుపడదు.

ఇందులో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది కాపీకి, సింక్‌కు ఉన్న తేడా. కాపీ కొత్తవాటిని చేరుస్తుంది, గమ్యంలో ఉన్న దేన్నీ తొలగించదు. సింక్ మాత్రం మూలంలో లేనిదాన్ని గమ్యంలో చెరిపివేస్తుంది. తరలింపు పనికి కాపీ చాలు; సింక్‌ను ముట్టుకోవద్దనే నా గట్టి సలహా. ఏ ఆజ్ఞకైనా డ్రై రన్ జోడిస్తే ఏమి జరగబోతుందో చూపి ఆగిపోతుంది. నేను ప్రతిసారీ ముందు అలాగే చూసుకున్నాను.

నాకు ధైర్యాన్నిచ్చింది చెక్ అనే ఆజ్ఞ. రెండు ఖాతాలనూ విండోస్, లినక్స్ రెండూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేశాక, అది ఒక్కొక్క ఫైలు పరిమాణాన్నీ, సమాచారం నుంచి లెక్కగట్టే హ్యాష్ అనే వేలిముద్రనూ క్లౌడ్‌లోని దానితో పోల్చి చూసింది. తేడాలు సున్నా అని వచ్చిన తర్వాతే లాప్‌టాప్ చెరిపాను. ఫోల్డరును లాగి పడేసి, అంతా వచ్చిందని అనుకోవడానికీ దీనికీ పోలికే లేదు. అయితే గూగుల్ డాక్స్ పత్రాలకు హ్యాష్ ఉండదు. ఆర్‌క్లోన్ వాటిని వర్డ్, ఎక్సెల్ రూపాల్లోకి మార్చి దించుతుంది. వాటిని చేత్తో తెరిచి చూసుకోక తప్పదు. గూగుల్ ఫొటోస్ విషయంలో ఆర్‌క్లోన్ అక్కరకు రాదు. 2025 మార్చి 31 నుంచి అమలైన నిబంధనల వల్ల అది తాను ఎక్కించిన ఫొటోలను తప్ప చూడజాలదు కాబట్టి, మిగతా ఫొటోలకు ఖాతాలోని సమాచారాన్ని దించుకునే గూగుల్ సేవ టేకౌట్ వాడాలి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. విండోస్‌లో పేరు 255 అక్షర సంకేతాల దాకా ఉండవచ్చు. డిస్కులో ఫైళ్లను అమర్చడానికి లినక్స్ మింట్ మామూలుగా వాడే ఎక్స్‌ట్ 4 పద్ధతిలో పరిమితి 255 బైట్లు. తెలుగులో ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తునూ, ఒత్తు కోసం వాడే పొల్లునూ విడివిడిగానే లెక్కించాలి. లక్ష్మి అనే ఒక్క పేరే 21 బైట్లు. పాట పల్లవి మొత్తాన్ని పేరుగా పెట్టుకున్న ఫైళ్లు హార్డ్‌డిస్కులో క్షేమంగానే ఉన్నా, మింట్‌లోకి వచ్చేసరికి పేరు మరీ పొడవైందంటూ ఆగిపోయాయి. అది ఆర్‌క్లోన్ లోపం కాదు. పేర్లు కుదించాక అన్నీ చేరాయి.

లినక్స్‌కు గూగుల్ గాని మైక్రోసాఫ్ట్ గాని అధికారిక డ్రైవ్ అనువర్తనం ఇవ్వడం లేదు. ఆర్‌క్లోన్‌లోని మౌంట్ సదుపాయంతో ఇప్పుడు రెండు ఖాతాలూ మామూలు ఫోల్డర్లలాగే తెరుచుకుంటున్నాయి. ఆర్‌క్లోన్ తన అమరికలు దాచుకునే కాన్ఫిగ్ ఫైలులో ఖాతాల తాళాలు ఉంటాయి కనుక దానికి సంకేతపదం తప్పక పెట్టుకోవాలి. డిస్కు చెరిపే ముందు రెండంచెల ధ్రువీకరణ బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసిపెట్టుకున్నాను. కొత్త వ్యవస్థలో మొదటి లాగిన్‌కు అక్కరకొచ్చింది ఆ కాగితమే.