హంపీ ‘స్మార్ట్ పాస్’ అంటూ వాట్సాప్‌లో అమ్ముతున్నారు, కొనకండి

సెలవుల్లో హంపీ వెళ్దామనుకుంటున్నవాళ్లు ఇది చదివి, మీతో వచ్చేవాళ్లకు కూడా చెప్పండి. రీల్స్‌లో ఈమధ్య ఒక యాడ్ తెగ తిరుగుతోంది. డ్రోన్‌తో తీసిన రాతిరథం, వెనకాల వీణ మ్యూజిక్, కింద ‘క్యూ లేకుండా ఎంట్రీ, తెలుగు ఆడియో గైడ్, బ్యాటరీ కారు, అన్నీ కలిపి మనిషికి 899’ అని ఉంటుంది. నొక్కితే నేరుగా వాట్సాప్ చాట్‌లోకి వెళ్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో వింటే బాగుంటుందని ఆరుగురికీ తీసుకున్నాం. ఆ డబ్బుకి మాకు దక్కిందేమిటో చెప్తాను.

ముందు టికెట్ సంగతి. విఠలాలయానికి పురావస్తు శాఖ టికెట్ మన దేశంవాళ్లకు 40 రూపాయలు. పదిహేనేళ్లలోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు. అదే టికెట్ మీద అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ప్రాంగణం, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చు. హేమకూటం, లక్ష్మీనరసింహుడు, బడవలింగం దగ్గర టికెట్ అడిగేవాళ్లే ఉండరు. ఈ పాస్‌లో మాత్రం వాటిని ‘ప్రీమియం పాయింట్లు’ అని రాసుకున్నారు! మాకొచ్చిన పీడీఎఫ్‌లో ఆరు పేర్లకీ ఒకటే క్యూఆర్ కోడ్, అదీ ముందురోజు తేదీది. గేటు దగ్గర కుర్రాడు స్కాన్ చేసి, వచ్చీరాని తెలుగులో ‘ఇది నిన్న ఎవరో వాడేశారండీ’ అన్నాడు. కౌంటర్‌లో మళ్లీ కొన్నాం. క్యూ అంటారా, ముందు నలుగురైదుగురు ఉన్నారంతే. బ్యాటరీ కారు వాళ్లు ఈ పాస్ పేరే వినలేదట.

ఇక ఆడియో గైడ్. ‘నెట్ లేకపోయినా పనిచేస్తుంది’ అని చాట్‌లో రాసిచ్చారు. తీరా అది ఒక వెబ్ లింక్, డౌన్‌లోడ్ బటన్ కూడా లేదు. అన్ని బండరాళ్ల మధ్య మా సిమ్‌కి సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, గుండ్రంగా చక్రం తిరగడమే తప్ప మాట రాలేదు. సిగ్నల్ దొరికినచోట విన్నదేమో మెషిన్ గొంతు. ‘కృష్ణదేవరాయలు తళ్లికోట యుద్ధంలో వీరమరణం పొందెను’ అంది. మా మామగారు అక్కడే ఇయర్‌ఫోన్ తీసేశారు. రాయలవారు పోయింది 1529లో. తళ్లికోట యుద్ధం 1565లో, అప్పుడు సైన్యాన్ని నడిపింది అళియ రామరాయలు. మన పిల్లలు స్కూల్లో చదువుకునే విషయం ఇది. ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి రాయలు కట్టించిన కృష్ణాలయం ఉంది కదా, నెల్లూరు జిల్లా వాళ్లు వెతుక్కుని మరీ చూసే గుడి, దాని ఊసే లేదు.

అన్నిటికంటే కోపం తెప్పించింది విఠలాలయంలో, తడితే స్వరాలు పలికే సంగీత స్తంభాల దగ్గర. ‘వేలితో మెల్లగా తట్టి స్వరాలు వినండి’ అంటుందా ఆడియో. వాటిని తట్టడం ఎప్పుడో నిషేధించారు. దాన్ని నమ్మి ఎవరి పిల్లాడైనా చెయ్యేస్తే తిట్లు తినేది వాడే, లింక్ అమ్మినవాడు కాదు.

రాతిరథం ఏకశిల అని కూడా చెప్పింది. కాదు, రాళ్లు పేర్చి కట్టిందే, అతుకులు కనపడనంత పనితనం. ఇది మాకు చూపించింది అక్కడ దొరికిన గైడ్, మెడలో కర్ణాటక టూరిజం కార్డు ఉన్నాయన. రథం ముందున్న ఏనుగులు మొదట ఉన్నవి కావట, అక్కడ గుర్రాలుండేవట. ఏనుగు వెనక వంగి చూడమన్నారు, గుర్రం తోక చెక్కడం ఇంకా అలాగే ఉంది. ఫోన్ తీసి 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లీషు ఆఫీసరు తీసిన ఫొటో చూపించారు, అందులో రథం మీద ఇటుకల గోపురం ఉంది. ఇప్పుడది లేదు. ఆయన తెలుగు కూడా చక్కగా మాట్లాడారు. రేటు ముందే మాట్లాడుకోండి, కార్డు చూడండి, చాలు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన విషయం. డబ్బు వాపస్ అడుగుదామని చాట్ తెరిస్తే వాళ్లిచ్చిన హామీలన్నీ మాయం. చాట్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో చెరిగిపోయే సెట్టింగ్ వాళ్లే పెట్టారు. మొదట్లో సన్నటి అక్షరాలతో ఒక లైను వస్తుంది, దాన్నెవరూ పట్టించుకోరు. అమ్మేవాడి చాట్‌లో ఆ లైను కనిపిస్తే డబ్బు పంపొద్దు. మా చెల్లెలికి ముందే ఫార్వర్డ్ చేసిన స్క్రీన్‌షాట్లు రెండు ఉండబట్టి సరిపోయింది. ఇంకోటి, యూపీఐలో పే నొక్కేముందు పేరు చూపిస్తుంది కదా, అక్కడ ట్రావెల్స్ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే ఆగిపోండి.

గట్టిగా అడిగేసరికి ‘రిఫండ్ ఇస్తాం మేడమ్, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నారు. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. కొట్టనని చెప్పగానే బ్లాక్ చేశారు. మర్నాటికి డీపీ మారిపోయింది. హంపీ పోయి బాదామి గుహలొచ్చాయి, అంటే ఇదే సరుకు అక్కడా అమ్ముతున్నారన్నమాట.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. మన ఫోన్లోంచే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయొచ్చు. పేమెంట్ తాలూకు యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి యాప్‌లో కనిపించే నంబరు), వాళ్ల ఫోన్ నంబరు, యాడ్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి, అవే అడుగుతారు. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వలేదని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా చెప్పుకోవచ్చు. యాడ్ కింద రిపోర్ట్ నొక్కడం మర్చిపోకండి. మేం ఫిర్యాదు ఇచ్చాం, నంబరు మెసేజ్‌లో వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు.