“పూర్తిగా ఆరినది” అన్న చీటీని నమ్మి గిన్నెల దిమ్మలు కొనకండి

లేత్ (చెక్కను గిరగిర తిప్పుతుండగా ఉలితో చెక్కే యంత్రం) మీద గిన్నెలు తీర్చడానికి చెక్క దిమ్మలు కొనేవారు నాలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. “పూర్తిగా ఆరినది, వెంటనే తీర్చుకోవచ్చు” అనే చీటీతో ఒక విక్రేత నాకు పంపిన నాలుగు దిమ్మలలో ఒక్కటి కూడా ఆరినది కాదు. అన్ని వైపులా మైనం పూసి, ఆపైన ప్లాస్టిక్ పొర బిగించి పంపడంతో చేతికి పొడిగానే తగిలాయి.

మొదటి దిమ్మను ఒకే విడతలో పలుచగా తీర్చేశాను. పై అంగుళం వరకు పొట్టు పొడిగానే రాలింది. లోపలికి దిగేసరికి తడి పట్టీలు పొడవుగా లేచి, ముంజేతి మీద నీటి తుంపరలు పడ్డాయి. అప్పుడే ఆపవలసింది, ఆపలేదు. నాలుగో రోజుకు గిన్నె కోలగా మారింది. తొమ్మిదో రోజుకు అంచు నుంచి అడుగు దాకా గోరు దూరేంత పగులు విచ్చింది. మిగిలిన వాటిలో ఒకదానికి, ప్లాస్టిక్ కింద మైనం అందని చోట, బూజు పట్టింది. గీకితే బూజు పోయింది గాని, చెక్కలోకి దిగిన నీలి మరక ఎంత గరుకు కాగితం రుద్దినా పోలేదు.

తన తేమ మీటరు 12 శాతమే చూపించిందని విక్రేత వాదన. సూదుల మీటరు ఆ సూదులు దిగినంత లోతు సంగతే చెబుతుంది. బూజు పట్టిన దిమ్మనే రెండుగా కోసి, కోసిన ముఖం నడిమధ్య కొలిస్తే 30 శాతం దాటింది. తేమ సుమారు 30 శాతం కంటే దిగినప్పుడే కలప కుంచించుకోవడం మొదలవుతుంది. చెట్టు పెరిగిన వలయాల వెంబడి కుంచింపు, దుంగ కేంద్రం నుంచి బయటికి ఉండే కుంచింపుకు దాదాపు రెట్టింపు ఉంటుంది కనుక గిన్నె కోలగా మారుతుంది, దుంగ నడిమి బెండు దిమ్మలో మిగిలిపోతే పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

మైనం పూయడం తప్పని నేను అనడం లేదు. నార అడ్డంగా తెగిన ముఖాల నుంచి నీరు మరీ వేగంగా పోతుంది కనుక పచ్చి దిమ్మకు మైనం కావలసిందే. పచ్చిదాన్ని ఆరినదని అమ్మడమే తప్పు.

కొనే ముందు దుంగను ఎప్పుడు కోశారో, దిమ్మను ఏయే తేదీలలో తూచారో అడగండి. నీరు పోయేకొద్దీ దిమ్మ బరువు తగ్గుతుంది కనుక, బరువులు చెప్పలేనివారు ఆరబెట్టామంటే నేనైతే నమ్మను. సరుకు అందిన రోజే ప్లాస్టిక్ తీసి, వంటింటి త్రాసు మీద తూచి, బరువును, తేదీని దిమ్మ మీదే పెన్సిలుతో రాయండి. మైనం నిండుగా ఉన్న దిమ్మ బరువు వారాల తరబడి కదలకపోవచ్చు కనుక, వాపసు గడువు ముగియకముందే ఒక ముఖం మీద మైనం గీకి తూచడం మేలు.

పచ్చిదే చేతికొస్తే, గోడ మందం వ్యాసంలో పదోవంతు ఉండేలా, అంటే 30 సెంటీమీటర్ల గిన్నెకు 3 సెంటీమీటర్లు ఉంచి, ముతకగా తీర్చండి. నార తెగిన భాగాలకు మైనం పూసి, కాగితం సంచిలో పెట్టి నీడన ఉంచండి. సంచి చెమ్మగిల్లితే వెంటనే మార్చాలి; తడి పొట్టులో కప్పిపెట్టి మరిచిపోతే ప్లాస్టిక్‌లో ఉంచినట్టే బూజు పడుతుంది. బరువు కొన్ని వారాలపాటు మారకుండా నిలిచాకే రెండో విడత తీర్చాలి.

నేను అలా ముతకగా తీర్చిన గిన్నె మొదటి రోజు 1,460 గ్రాములు తూగింది. ఏడు వారాల తర్వాత 1,090కి వచ్చి, ఇప్పటికీ వారానికి 15 గ్రాముల చొప్పున తగ్గుతూనే ఉంది.