థీసిస్ ప్రింట్ తీయించిన జిరాక్స్ షాపు: మూడు స్టార్లు

యూనివర్సిటీ గేటు ఎదురు సందులో షాపు. నా థీసిస్ స్పైక్ సొల్యూషన్ల మీద, అంటే ఒకచోట సూదిలా లేచే సమీకరణ సాధనల మీద. హైడ్రా అనే చిన్న నీటిజీవిని కోస్తే తల మళ్లీ ఎలా మొలుస్తుందో చెప్పడానికి గియరర్, మైన్‌హార్ట్ అనే శాస్త్రవేత్తలు 1972లో రాసిన సమీకరణాలున్నాయి, ఆ కుటుంబమే. యాక్టివేటర్ (పెరుగుదలను రేపే పదార్థం) నెమ్మదిగా, ఇన్హిబిటర్ (దాన్ని అణచేది) వేగంగా పాకితే ఒకచోట సూదిమొనలా శిఖరం లేస్తుంది. యాక్టివేటర్ పాకడం (వ్యాపనం) బాగా తక్కువైతే, అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న శిఖరం ఆ ఆకారపు అంచు మీద వంపు ఎక్కువున్న చోటికి చేరుతుందని గణితవేత్తలు వెయ్-మింగ్ ని, ఇజుమి తకాగి 1993లో చూపించారు.

సరిగ్గా దాన్ని చూపే బొమ్మే షాపులో పాడుచేశారు. గుడ్డు ఆకారం కొసన ఉండాల్సిన ఎర్రచుక్క, అంటే ఆ శిఖరం, బైండింగ్ కుట్టులోకి పోయింది.

"చుక్కే కదా సార్!" అన్నాడు షాపతను.

నాలుగేళ్ల చుక్క బాబూ అది! పాపం, ఆ పేజీలు మళ్లీ తీసి కుట్టించాడు, పైసా అడగలేదు. కాగితం మందంగా, బాగుంది. పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. వర్డ్ ఫైలిస్తే ఎప్సిలాన్ (ε) గుర్తులన్నీ డబ్బాలైపోతున్నాయి.