మూడేళ్లుగా నావిడ్రోమ్: ట్యాగులు మిగిలాయి, అమ్మ జాబితా పోయింది

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద నావిడ్రోమ్ పెట్టి మూడేళ్లు దాటింది. మన దగ్గరున్న పాటల ఫైళ్లను ఇంట్లోవాళ్ల ఫోన్లలో వినిపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది వదిలేస్తున్నా. నాకు దీంట్లో బాగా నచ్చింది ఒక్కటే: ఫోల్డర్ పేర్లు ఎలా ఉన్నా పట్టించుకోదు, పాట ఫైల్లో మనం రాసిన ట్యాగులే (సినిమా, గాయకుడు లాంటి వివరాలు) దీనికి ప్రమాణం.

మన సినిమా పాటలకు ఇది ఎంత ముఖ్యమో వాడితే తెలుస్తుంది. ఒక్కో పాటకు ఒక్కో గాయకుడు ఉంటారు కదా, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి ఖాళీగా వదిలేస్తే ఒకే సినిమా మూడు నాలుగు ముక్కలై తలో చోట కనిపిస్తుంది. మొదటి వారం అదే జరిగి చాలా విసుగొచ్చింది. తర్వాత ట్యాగులు సరిచేసే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్ ముందు కూర్చుని సినిమా సినిమాకీ ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు రాసుకుంటూ పోయా, ఎస్. రాజేశ్వరరావు, సాలూరి రాజేశ్వరరావు అని ఇద్దరుగా కనిపిస్తున్న ఆయన్ని ఒక్కరిని చేశా. మాయాబజార్ (1957) దగ్గర మాత్రం కాసేపు ఆగాను. సంగీతం ఘంటసాలదే, కానీ నాలుగు పాటల బాణీలు సాలూరివి, లాహిరి లాహిరి వాటిలో ఒకటి. అందుకని ఆల్బమ్‌కు ఘంటసాల పేరు, ఆ నాలుగు పాటలకు కంపోజర్ గడిలో సాలూరి పేరు. అంతకుముందు డబ్బు కట్టి వాడిన యాప్‌లలో ఈ పని నా చేతిలో ఉండేది కాదు.

"ఒకసారి పెట్టుకుంటే మళ్లీ చూడక్కర్లేదు" అని తెలిసినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. మొన్న మే నెలలో గాలివానకు ఒక్క గంటలో నాలుగైదుసార్లు కరెంటు పోయి వచ్చింది, తెల్లారి చూస్తే నావిడ్రోమ్ ఉన్న మైక్రో ఎస్‌డీ కార్డు పాడైపోయింది. పాటలు విడిగా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడలేదు. కొత్త కార్డు వేసి స్కాన్ చేయిస్తే ఆల్బమ్‌లన్నీ తిరిగొచ్చాయి, సాలూరి పేరుతో సహా. సాయంత్రం అమ్మ ఫోన్ పట్టుకొచ్చి "నా పాటలేవిరా?" అంది. రెండేళ్లుగా ఒక్కొక్కటీ ఏరి చేర్చుకున్న 212 పాటల ప్లేలిస్టు అది. ప్లేలిస్టులు, ఇష్టమైన పాటలకు పెట్టే గుర్తులు, ఏది ఎన్నిసార్లు విన్నామన్న లెక్క, ఇవన్నీ నావిడ్రోమ్ తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. నేను ఆ డేటాబేస్‌ను కార్డు మీదే ఉంచాను. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు.

బ్యాకప్ సౌకర్యం దీంట్లోనే ఉంది, ఎక్కడ దాచాలి, ఎప్పుడు తీయాలి, ఎన్ని కాపీలు ఉంచాలి అని మనం సెట్టింగుల్లో రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే తనంతట తాను ఏమీ చేయదు. ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆ మాట గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు డేటాబేస్‌ను హార్డ్ డిస్క్ మీదికి మార్చా, రోజూ రాత్రి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది, పైగా చిన్న యూపీఎస్ కూడా కొన్నా.

ఇంకా దీన్నే వాడతాను. మా ఇంట్లో పాత పాటలు ఎక్కువ, పేర్లు సరిచేసే ఓపిక నాకుంది, కరెంటు మీద మాత్రం నమ్మకం లేదు. మీ ఇంట్లో అందరూ కొత్త పాటలే వింటుంటే ఇంత శ్రమ అక్కర్లేదేమో. అమ్మ జాబితా మళ్లీ 160 దాటింది. మిగతావి వంట చేస్తూ ఏదో ఒకటి గుర్తొచ్చినప్పుడు పిలిచి చెబుతోంది, నేను వెంటనే లేచి వెళ్లి చేరుస్తున్నా.