ఆఫీసు బల్ల మీద సముద్రపు తొట్టి: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

భీమవరంలో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం నాది. పొద్దున్నుంచీ చెవిన పడేది పీపీటీలు (వెయ్యి పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పుందనే లెక్క), అమ్మోనియా, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల మాటలే. అలాంటి చోట నా బల్ల మీద 25 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని రెండున్నరేళ్లయింది. "మెయింటెనెన్స్ పెద్దగా ఉండదండి" అని చెప్పి అమ్మారు. ఆ మాట నిజమే, కానీ అందులో చేప వెయ్యకపోతేనే.

నా తొట్టిలో ఉన్నవి ఒక క్లీనర్ రొయ్య (చేపల ఒంటి మీది పురుగులు తిని శుభ్రం చేసే రకం), ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు మూడు, నాలుగు నత్తలు, గుప్పెడు సముద్రపు నాచు. ఇంత తక్కువ నీళ్లలో చేపను వేస్తే మేత పెరుగుతుంది, మేతతో పాటు మలినం పెరుగుతుంది, ఇక రోజూ నీళ్లతోనే సరిపోతుంది. రాళ్లు కూడా కొట్లో దొరికే ఎండు రాళ్లే వాడాను. పగడం ముక్క తెచ్చిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పగడాలున్నాయి.

నీళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. అంతర్వేది సముద్రం ఇంత దగ్గర ఉండగా ఉప్పు కొనడమేంటని అందరూ అడిగారు. వరదల రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, కనుచూపు మేర గోదారి ఎర్రనీళ్లే. అక్కడి ఉప్పదనం కాలాన్ని బట్టి మారిపోతుంది. తొట్టికి మాత్రం ఏడాది పొడవునా 35 పీపీటీ నిలకడగా ఉండాలి. వంటింటి కళ్లుప్పు కూడా పనికిరాదు. అందులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే, రొయ్యకు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కూడా కావాలి. రొయ్యల చెరువులో మినరల్స్ ఎందుకు చల్లుతారో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే అక్వేరియం ఉప్పే కొంటాను. శుక్రవారం సాయంత్రం 3 లీటర్ల ఆర్వో నీళ్లలో సుమారు 110 గ్రాములు కలిపి, రాత్రంతా గాలి గొట్టం పెట్టి ఉంచుతాను. శనివారం 3 లీటర్ల పాత నీళ్లు తీసి ఇవి పోస్తాను. ఇరవై నిమిషాల పని.

రోజువారీ పని ఇంకా చిన్నది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉండిపోతుంది. అందుకని తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. అద్దం మీద పెన్నుతో గీత పెట్టుకున్నాను. పొద్దున్న వచ్చీ రాగానే టిన్నులోంచి ఒక టీగ్లాసుడు ఆర్వో నీళ్లు గీత దాకా పోస్తాను. ఇది రెండ్రోజులు మానేస్తే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో తేడా కనిపిస్తుంది. చెరువులో వారం పట్టే మార్పు ఇక్కడ ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది.

మొదట్లో ఆరు వారాలు ఖాళీ తొట్టినే నడిపాను. మలినంలోంచి వచ్చే విషం అమ్మోనియా. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లకు పట్టాలి కదా. ఊళ్లో ఆక్వా ల్యాబులకు కొదవ లేదు కాబట్టి సీసాలో నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించుకున్నాను.

నన్ను బాధపెట్టింది ఎండాకాలం. మొదటి మే నెలలో శనివారం సాయంత్రం ఏసీ ఆపి వెళ్లాం. సోమవారం వచ్చి చూస్తే నీళ్లు 33 డిగ్రీలు, మొదటి రొయ్య పోయింది. తప్పు నాదే, ముందే ఆలోచించాల్సింది. ఇప్పుడు మూత తీసి చిన్న ఫ్యాను పెడుతున్నాను. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది రెండు డిగ్రీలకు మించి తగ్గించదు. ఆదివారాలు వాచ్‌మన్ బాబాయ్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన అరలీటరు నీళ్ల సీసాను మూత బిగించి తొట్టిలో తేలుస్తాడు, మధ్యాహ్నం ఇంకోటి మారుస్తాడు. ఆయన లేకపోతే రెండో రొయ్య కూడా దక్కేది కాదు.

ఆ రెండో రొయ్య వచ్చిన నెలకు ఒక పొద్దున్న పక్కకు వాలి పడి ఉంది. మీసాలు, కాళ్లు అన్నీ ఉన్నాయి గానీ గాజు కాగితంలా ఇవతల్నుంచి అవతలకు కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బిల్లు కట్టడానికొచ్చిన ఉండి ఊరి రైతు వంగి చూసి, "చావలేదమ్మా, కుబుసం ఇడిసింది. నిన్న అమావాస్య కదండీ. రాయి ఎనకాల చూడండి" అన్నారు. చూస్తే అక్కడే ఉంది. వీపు మీద ఎరుపు కొత్త చీరలా మెరుస్తోంది, మధ్యలో తెల్ల చార, తెల్లటి మీసాలు మెల్లగా వణుకుతున్నాయి. "రెండ్రోజులు కదపకండి, ఒళ్లు మెత్తగా ఉంటది. ఆ పెంకు కూడా తియ్యకండి, అదే తింటది" అన్నారాయన. అప్పట్నుంచి కుబుసం విడిచిన తేదీలన్నీ డైరీలో రాస్తున్నాను.

నచ్చనిది ఉప్పు పొర. మూత అంచున, వైర్ల మీద తెల్లగా పేరుకుంటుంది. తడిగుడ్డతో వారానికోసారి తుడవాల్సిందే. వైరును ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదిలితే నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది. ఇది మాత్రం తప్పనిసరిగా చూసుకోండి.

మళ్లీ కొనాల్సి వస్తే 40 లీటర్లది తీసుకుంటాను. నీళ్లు ఎక్కువుంటే వేడి, ఉప్పు అంత తొందరగా మారవు. ఫైళ్లకు చోటు తగ్గితే బీరువాలో పెట్టుకుంటాను.