పాండా ఫోటో పటాలు కొనేవారికి హెచ్చరిక: కడపలో నాకు ఎదురైన మోసం

గోడకు తగిలించుకోవడానికి పాండాల ఫోటోలు ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవారికి, ముఖ్యంగా ‘అడవిలో తీసిన అసలు ఛాయాచిత్రం, 50 ప్రతులు మాత్రమే’ అన్న మాట చూసి డబ్బు కట్టబోతున్నవారికి, నాకు జరిగినది ఉన్నదున్నట్టు చెప్పదలచుకున్నాను. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది. పైగా ఆ పేరు ఇప్పటికే మారిపోయింది కనుక, రాసినా మీకు పెద్దగా ఉపయోగపడదు.

కడపలో మేము కొత్తగా చేరిన ఇంట్లో హాలు గోడ బోసిగా ఉండేది. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి పాండాలంటే ప్రాణం. మన లంకమల అడవిలో ఉన్న కలివికోడి అనే అరుదైన పక్షి పటం పెడదామని నేను అన్నాను గానీ ఇంట్లో ఎవరూ ఆ మాట చెవిన వేసుకోలేదు. చివరికి ఫోన్‌లో కనబడిన ఒక ప్రకటన నచ్చింది: మూడు పటాల సెట్టు, ఒక్కొక్కటి 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, కాటన్ కాన్వాస్, చెక్క ఫ్రేము, ఛాయాచిత్రకారుని సంతకంతో ధ్రువపత్రం, అన్నీ కలిపి 4,800 రూపాయలు. ఆ పేజీలో చిరునామా లేదు, వాట్సాప్ నంబరు ఒక్కటే ఉంది. పార్సిల్ వచ్చాక డబ్బు ఇస్తామంటే కుదరదన్నారు. అక్కడే ఆగవలసినవాడిని, ఆగలేదు. అంతటితో ఊరుకోక, ప్రొద్దుటూరులో ఉండే మా వదినకు కూడా అదే సెట్టు బాగుందని చెప్పి తెప్పించుకోమన్నాను.

పన్నెండో రోజున పార్సిల్ వచ్చింది. రంగులు దూరం నుంచి బాగానే కనబడ్డాయి. మూడో పటంలో పాండా మనవైపు వీపు పెట్టి చెట్టు ఎక్కుతూ ఉంటుంది. మా అమ్మాయి దాని ముందు కాసేపు నిలబడి, “నాన్నా, దీనికి తోక నల్లగా ఉందే, పాండా తోక తెల్లగా కదా ఉండాల్సింది” అన్నది. నేను నమ్మక పుస్తకం తీసి చూస్తే పిల్ల చెప్పినదే నిజం. పాండాకు చెవులు, కళ్ల చుట్టూ మచ్చలు, నాలుగు కాళ్లు, భుజాల మీదుగా పోయే పట్టీ నలుపు, తోక తెలుపు. మురికి పట్టి గోధుమరంగులోకి తిరగవచ్చునేమో గానీ బొగ్గులాగా నల్లబడదు.

ఒక తప్పు దొరికిన తరువాత మిగిలినవి వాటంతట అవే బయటపడ్డాయి. పాండా ముందరి పాదానికి ఐదు వేళ్లతో పాటు, బొటనవేలిలాగా పొడుచుకువచ్చిన మణికట్టు ఎముక ఒకటి ఉంటుంది, వెదురు పట్టుకునేది దానితోనే. మా పటంలో ఒక పాదానికి ఉన్నవి నాలుగు వేళ్లు, అందులో దూరిన వెదురు గడ రెండో వైపు నుంచి బయటికే రాలేదు. నడిమి పటంలో తల్లి చుట్టూ ఒకే సైజు పిల్లలు మూడు ఉన్నాయి. అడవిలో కవలలు పుట్టినా తల్లి సాధారణంగా ఒక్కదాన్నే సాకుతుంది. ఇక ధ్రువపత్రంలో ‘సిక్కిం హిమాలయ అడవులలో తీసినది’ అని అచ్చయి ఉంది. సిక్కింలో ఉండేది ఎర్ర పాండా, అది ఆ రాష్ట్ర జంతువు, పూర్తిగా వేరే జాతి. ఈ నలుపు తెలుపు పెద్ద పాండా అడవిలో బతికేది చైనాలోని సిచువాన్, షాన్‌సీ, గాన్సు కొండలలో మాత్రమే. 2014లో ముగిసిన చైనా గణనలో అక్కడి అడవులలో లెక్కతేలినవి 1,864. అంత అరుదైన జంతువు కనుకనే మనం చూసే పాండా ఫోటోలలో చాలా భాగం చెంగ్డూ వంటి సంరక్షణ కేంద్రాలలో తీసినవి, నిజాయితీగల ఛాయాచిత్రకారులు ఆ సంగతి దాచరు. మాకు వచ్చినది కంప్యూటరు చేత తయారు చేయించిన బొమ్మ అని నా నిశ్చితాభిప్రాయం.

మరునాడు ఒక పటాన్ని మా వీధి చివర పటాలు కట్టే అంగడికి తీసుకుపోయాను. అంగడి ఆయన పటం వెనుక మూల దగ్గర ఒక పిన్ను పీకి, అంచును గోరుతో చీల్చి చూపించాడు. లోపల నూలు పోగు ఒక్కటి లేదు, తెల్లటి ప్లాస్టిక్ వల ఉంది. “సార్, ఇది కాన్వాస్ గాదు, ఫ్లెక్సీ. ఏడు రోడ్ల దగ్గర పుట్టినరోజు బ్యానర్లు కడతారే, ఆ సరుకే, పైన గుడ్డ మాదిరి గీతలు కొట్టినారు” అన్నాడు. టేపు పెడితే 18 అంగుళాలకు 27 అంగుళాలు వచ్చింది. చేతికందే దూరంలో చూసే పటానికి అంగుళానికి 150 చుక్కలైనా ఉండాలని, అంటే 20కి 30 అంగుళాల పటానికి 3,000కు 4,500 పిక్సెళ్ల ఫోటో కావాలని ఆయనే లెక్క కట్టి చెప్పాడు. మా పటంలో కంటి పక్క వెంట్రుకలు దగ్గరికి పోతే గళ్లుగళ్లుగా కనబడుతున్నాయి.

ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసింది. తన ధ్రువపత్రం ఫోటో తీసి పంపమని అడిగాను. ‘50లో 7వ ప్రతి’ అని ఉంది. నా చేతిలో ఉన్న దాని మీద కూడా ‘50లో 7వ ప్రతి’ అనే ఉంది, సంతకం చివరి వంకరతో సహా రెండూ ఒకటే. నా మాట మీద ఆమె కూడా 4,800 పోగొట్టుకున్నది కనుక, నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే.

వాట్సాప్‌లో అడిగితే, కొలత ప్యాకింగుతో కలిపి చెప్పినదని, ఆర్డరు మీద అచ్చువేసిన సరుకు వాపసు తీసుకోబోమని, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే పంపమని జవాబు వచ్చింది. వీడియో నా దగ్గర లేదు. మీరు మాత్రం తప్పకుండా తీయండి. అయితే వీడియో లేనంత మాత్రాన వాళ్ల మాటే చట్టం కాదు. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ప్రకటన పేజీని, డబ్బు కట్టిన రుజువును, వాట్సాప్ మాటలను స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు.

ఫిర్యాదు నమోదైన వారానికి, సగం డబ్బుకు కూపన్ ఇస్తామని వాళ్లే సందేశం పంపారు. అదే అంగడిలో ఇంకో ఫ్లెక్సీ కొనుక్కోవడానికి కూపన్ ఎందుకని, మొత్తం డబ్బే కావాలని తిరిగి రాశాను. ఇంకా రాలేదు. నిన్న రాత్రి మా అమ్మాయి అదే సెట్టును ఇంకొక పేరుతో ఉన్న పేజీలో 5,200 రూపాయలకు చూసింది. సిక్కిం మాట తీసేశారు. మూడో పటంలో పాండా అదే, చెట్టు అదే, తోక కనబడకుండా కింది అంచు మాత్రం కత్తిరించారు.