ఒక్క రోజు తిండి, తిరుగుడు: జంటకు జార్జ్‌టౌన్ మేలా, హోయ్ ఆన్ మేలా?

భుజానికి బ్యాగు తగిలించుకుని ఆగ్నేయాసియా చుట్టి రావాలనుకునే జంట పరుగు లేని రోజు ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా తినడం, నడవడం, నీడన కూర్చోవడం తప్ప ఆ రోజు వేరే పని ఉండకూడదు. అలాంటి రోజుకు రెండు ఊళ్లు బాగా సరిపోతాయి: మలేషియాలో పెనాంగ్ దీవి మీద ఉన్న జార్జ్‌టౌన్, వియత్నాం నడిమి భాగంలో ఉన్న హోయ్ ఆన్. రెండూ పాత రేవు పట్టణాలే. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో హోయ్ ఆన్ 1999లో, జార్జ్‌టౌన్ 2008లో చేరాయి. కానీ రోజు గడిచే తీరు మాత్రం ఒక్కటి కాదు.

మా తీర్పు ముందే చెప్తున్నాం. ఇద్దరిలో ఒక్కరు శాకాహారి అయినా, అన్నం పులుసు పడనిదే కడుపు నిండదనుకునేవారైనా జార్జ్‌టౌన్ పోవాలి. ఇద్దరూ అన్నీ తింటారు, సైకిల్ తొక్కడం ఇష్టం, నెల కూడా కలిసొచ్చింది అంటే హోయ్ ఆన్.

అన్నిటికంటే ముందు గడియారం చూసుకోవాలి. మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, వియత్నాం గంటన్నర. పెనాంగ్‌లో తెల్లారేసరికి ఏడు అవుతుంది, సాయంత్రం ఏడు దాటినా వెలుగుంటుంది. నింపాదిగా లేచినా పోయేదేమీ లేదు. హోయ్ ఆన్‌లో ఎండాకాలం ఐదున్నరకల్లా తెల్లారిపోతుంది. నది ఒడ్డున మార్కెట్ ఆరింటికే కిటకిటలాడుతుంది, ఆ వేళకు మన ఒంటికి ఇంకా నాలుగున్నరే. రాత్రి కూడా పాత ఊరు తొందరగానే సద్దుమణుగుతుంది. పొద్దెక్కేదాకా పడుకునే అలవాటున్న జంట అక్కడ మంచి పూట పోగొట్టుకుంటుంది.

తిండి దగ్గర జార్జ్‌టౌన్‌దే పైచేయి. పొద్దున మన పరాటాలాంటి రోటీ చనాయ్, పక్కన పప్పు, తెహ్ తారిక్ చాయ్‌తో మొదలుపెట్టండి. మధ్యాహ్నానికి నాసి కందార్. ఇది తమిళ ముస్లింల చేతి వంట. పళ్లెంలో అన్నం పెట్టి, మనం వేలు చూపిన కూర ముక్క వేస్తారు. ‘బంజిర్’ అని అడిగితే నాలుగైదు గిన్నెల్లోని పులుసులు ఒకదాని మీద ఒకటి పోసి అన్నం తడిపేస్తారు. రుచంతా ఆ కలగలిసిన పులుసులోనే ఉంది, విడివిడిగా తింటే తెలియదు. మన కారం ఆశించకండి, మసాలా ఘాటు మాత్రం ఉంటుంది. బిల్లు ముక్కను బట్టి వస్తుంది. పెద్ద రొయ్య, స్క్విడ్ లాంటివి ధర అడగకుండా వేయించుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది. ఇద్దరికీ కలిపి ఒక పళ్లెం అన్నం, ఒక కోడి ముక్క, ఉడికించిన బెండకాయలు చాలు, సాయంత్రానికి కడుపులో చోటుండాలి.

ఎండ దిగాక చెండోల్: కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, సేమియాలా కనిపించే ఆకుపచ్చ పిండి ముక్కలు, తురిమిన ఐసు. చీకటి పడ్డాక తిండి బళ్ల వరసల దగ్గరికి పోవాలి. అక్కడ పద్ధతి తెలియక కొత్తవాళ్లు తికమకపడతారు. ముందు ఒకరు బల్ల పట్టుకుని దాని నంబరు చూసుకోవాలి, రెండోవారు బండి దగ్గరికి పోయి నంబరు చెప్పి ఆర్డరివ్వాలి. ప్లేటు బల్ల దగ్గరికి వచ్చాకే డబ్బులు. తాగేవి అమ్మే మనిషి వేరు, కూర్చున్నాక తలా ఒకటి తీసుకోవడం అక్కడి మర్యాద. చార్ క్వే తియావ్ అనే వెడల్పు బియ్యపు నూడుల్స్‌ను సంప్రదాయంగా పంది కొవ్వుతో వేయిస్తారు, రొయ్యలు, చిన్న ఆల్చిప్పల మాంసం పడతాయి. వద్దనుకుంటే హలాల్ బండి చూసుకోండి. ఆసం లక్సా అనే నూడుల్స్ పులుసు చింతపండు పులుపుతో మన నాలుకకు దగ్గరగా ఉంటుంది, కాకపోతే అందులో చేప, పైన నల్లటి రొయ్యల ముద్ద ఉంటాయి. ఆ ముద్ద వాసన అందరికీ పడదు, పక్కన వేయమంటే వేస్తారు.

ఇక్కడ జరిగే పొరపాటు ఎక్కువగా వేళది. పొద్దుటి బళ్లు మధ్యాహ్నానికి కట్టేస్తారు, రాత్రివి ఆరు దాటితే గాని తెరవరు, చాలామంది వారంలో ఒకరోజు సెలవు పెడతారు. ఒకే బండి కోసం ఊరు దాటి పోకుండా, ఒకే సందులో రెండు మూడు చూసుకుని పోవాలి. శాకాహారులకు లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం ఉన్నాయి. 1833 నాటి మారియమ్మన్ గుడి కూడా అక్కడే.

నడకకు మాత్రం ఓపిక కావాలి. షాపుల ముందు కప్పు ఉన్న వరండాలు ఉన్నా మధ్యమధ్యలో మోటారుసైకిళ్లు, మెట్లు అడ్డొస్తాయి, రోడ్డు మీదికి దిగక తప్పదు. నల్లగొండలో మే నెల 43 డిగ్రీలు చూసినవాళ్లకు అక్కడి 32 లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ మనది పొడి ఎండ, చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలోనే తేమ, చెమట ఆరదు. పన్నెండు నుంచి మూడు దాకా గదిలోనో కాఫీ హోటల్‌లోనో ఉండండి.

హోయ్ ఆన్‌లో తినేవి తక్కువ రకాలే, ఊరు మాత్రం కళ్లకు పండగ. కావ్ లావ్ అక్కడి సొంత వంటకం: లావు నూడుల్స్, పంది మాంసం, పచ్చి ఆకులు, అడుగున కొంచెమే పులుసు. పంది తిననివారికి కోమ్ గా మంచిది. పసుపు రంగు అన్నం మీద చీరిన కోడి మాంసం, ఉల్లి, ఆకులు వేస్తారు. అక్కడి మిరప సాస్ మన కారానికి నిలబడుతుంది. బోర్డు మీద బో అంటే ఆవు, ఎద్దు మాంసం, హెవ్ అంటే పంది, గా అంటే కోడి, తోమ్ అంటే రొయ్య. కూరగాయల వంటల్లోనూ చేప సాస్ పోస్తారు కాబట్టి శాకాహారులు ‘క్వాన్ చాయ్’ అని రాసున్న హోటల్‌కే పోవాలి. అక్కడ మాంసంలా కనిపించేది సోయా, గోధుమ పిండితో చేసిందే, భయపడనక్కర్లేదు.

పాత ఊళ్లో పొద్దున కొంతసేపు, మళ్లీ మధ్యాహ్నం మూడు తర్వాత రాత్రి దాకా మోటారు బళ్లు రావు. నడకకు ఆ వేళలే పెట్టుకోండి. విదేశీయులకు టికెట్ 1,20,000 డాంగ్, పాత ఇళ్లు, సభామందిరాల్లో ఐదు చూడొచ్చు. పదకొండు నుంచి మూడు మధ్య సైకిళ్ల మీద అన్ బాంగ్ బీచ్‌కు పోవచ్చు. నాలుగైదు కిలోమీటర్లే, చదును దారి, రెండు వైపులా వరి. మిర్యాలగూడ ఆయకట్టు చూసినవాళ్లకు వరి కొత్త కాదు, ఆ పొలాల చివర సముద్రం కనిపించడం కొత్త. స్కూటర్ జోలికి పోకండి. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కిందిది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కిందిది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాకుండా పోయేది ఇక్కడే.

నోట్ల దగ్గర పైలం. 20,000 డాంగ్ నోటు, 5,00,000 డాంగ్ నోటు రెండూ నీలి రంగే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. మసక వెలుతురులో ఒకటి ఇవ్వబోయి ఇంకొకటి ఇచ్చేస్తారు. నోటు తిప్పి చూస్తే హోయ్ ఆన్ జపనీస్ వంతెన ఉన్నది చిన్నది. పెద్ద నోటును మడిచి వేరే జేబులో పెట్టుకోవడం ఇంకా మంచిది.

ఇక నెల. దసరా సెలవుల్లో హోయ్ ఆన్ వద్దు. అక్టోబర్, నవంబర్‌లో వానలు గట్టివి, థు బోన్ నది పొంగి పాత ఊరి వీధుల్లోకి నీళ్లొస్తాయి. పెనాంగ్‌లోనూ అప్పుడు వానలే, కానీ ఎక్కువగా కురిసి వెలిసేవి, కప్పు కింద తింటూ గడిపేయొచ్చు. సంక్రాంతికి పెనాంగ్ పొడిగా ఉంటుంది. హోయ్ ఆన్‌కు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మేలు, కాకపోతే చైనావాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం (వియత్నాంలో టెట్) వారం రెండు ఊళ్లలోనూ చాలా దుకాణాలు మూసే ఉంటాయి.

ప్రయాణంలోనూ జార్జ్‌టౌన్‌దే సులువు. పాలమూరు వాళ్లకు శంషాబాద్ 44వ జాతీయ రహదారి మీదే, నల్లగొండ వాళ్లు పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే సిటీలోకి పోనక్కర్లేదు. శంషాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం ఉంది, ఆపై పెనాంగ్‌కు గంట. రైలైతే బటర్‌వర్త్‌లో దిగి ఫెర్రీ ఎక్కాలి. హోయ్ ఆన్‌కు డా నాంగ్‌లో దిగి ఇంకో 30 కిలోమీటర్లు పోవాలి.

మలేషియాకు మనవాళ్లకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపితే సరి. వియత్నాంకు ఇ-వీసా తీసుకోవాలి, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే ఏజెంట్ సైట్లు ఎక్కువ గుంజుతాయి, చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, ఇంటిపేరు మొత్తం విప్పి రాసి ఉన్నవాళ్లు ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపాలి. తేడా ఉంటే బయటపడేది శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్‌లోనే, అప్పటికి దిద్దుకునే వేళ ఉండదు.